బర్కా పటంలో పచ్చరంగు

అరబ్బు దేశంలోని బర్కాలో పోచన్న పనిచేసిన నిమ్మతోటను కంప్యూటర్ చంపేసిందని ‘వాడి కబీర్’ అనే పేటలో మనవాళ్లు ఫ్లాట్లలో బియ్యం ఏరుకుంటూ చెప్పుకునేవారు. తోటదాకా నడిచిపోవడానికి కంప్యూటర్‌కు కాళ్లున్నాయా? అసలు సంగతి వేరు. అది తెలిసినవాడు జహీరుద్దీన్.

కడప నుంచి వచ్చిన జహీరుద్దీన్ నీళ్ల సర్వే చేసే ఒక కంపెనీలో పటాలు గీసేవాడు. బర్కా పక్కనే సముద్రం, ఏటికేడు ఉప్పు తోటల కిందికి పాకుతోంది. అతను బావి బావికీ తిరిగి మీటరు పెట్టి చూసి, ఆపైన నాలుక మీద చుక్క వేసుకుంటే గానీ నమ్మేవాడు కాదు. తీపినీళ్లకు పచ్చ, ఉప్పునీళ్లకు ఎరుపు. బావి లేని చోట కాగితాన్ని తెల్లగానే వదిలేవాడు.

తొంభై రెండులో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. బావుల వివరాలు అతను టైపు చేస్తే, అది గీతలు గీసి ఇచ్చేది. గీతల మధ్య రంగులు మళ్లీ అతని చేతివే. బావులు లేని చోట కూడా చుట్టుపక్కల బావులను బట్టి ఊహించి అది గీతలు లాగేసేది. మేనేజర్ మురిసిపోయాడు.

"ఇన్నేళ్లూ సగం కాగితం ఖాళీగా ఇచ్చేవాడివి కదా మియా. ఈ పని నీకు రాకపోయెనా?"

జహీరుద్దీన్ నవ్వాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఆ కొత్త పటంలో పచ్చగా కనబడిన చోటే తోట యజమాని బావి తవ్వించి, నిమ్మమొక్కలు పెట్టించాడు. పోచన్న నీళ్లు కట్టాడు. ముందు ఆకుల అంచులు మాడాయి, తర్వాత కొమ్మలు. రెండో వేసవికి చెట్లన్నీ పొయ్యిలోకే. యజమాని తోట మూసేసి పోచన్న వీసా రద్దు చేయించాడు.

ఊరికి వెళ్లేముందు పోచన్న వాడి కబీర్‌లో జహీరుద్దీన్ ఉండే ఫ్లాటుకు వచ్చాడు. జహీరుద్దీన్ ఇచ్చిన టీ ఒక గుక్క తాగి కింద పెట్టాడు.

"గా బాయినీళ్లు గింత తియ్యగుంటే నేను ఈడనే ఉందును భాయి."

"కంప్యూటర్ అట్లా చూపించింది పోచన్నా."

"దాని ముచ్చట నాకొద్దు. గా జాగల బాయి లేకుండె. నీళ్లు నువ్వు నోట్లెయ్యలే. పచ్చరంగు మాత్రం నీ చేతితోనే ఏస్తివి. అక్కడేమున్నదో తెల్వదని ఏసేటప్పుడు నీకు ఎరుకేనా?"

జహీరుద్దీన్ చల్లారిన టీ గ్లాసును పక్కకు జరిపాడు.

"ఎరుకే. తెల్లగా వదిలేస్తే, మిషన్‌కు చేతనైంది నాకు చేతకాదంటారని రంగు రుద్దేసినా."