సైకిల్‌కు కట్టిన రోకలి

మీ నాయిన వ్యానుకు సైకిళ్ల స్టాండు బిగించిన ఆదివారం సంగతి ఈ నానమ్మ మాటల్లో చెబుతాను, రాసుకో. నువ్వూ అక్కడే ఉన్నావు, నాకు తెలుసు. అయినా నువ్వు చూసింది వేరు, నేను చూసింది వేరు. ఫోను పక్కన పెట్టి రాయి.

మీ నాయిన వారమంతా తుర్కపల్లి కంపెనీల వాళ్లను క్యాబులో తిప్పుతాడు. ఆదివారమన్నా స్టీరింగు వదులుతాడా అంటే వదలడు. పాత స్కూలు వ్యాను కొన్నాడు, సీట్లు పీకించాడు, రెండు బల్లలు మంచాల్లా వేసి, గ్యాసు పొయ్యి పెట్టి, క్యాంపర్ వ్యాను అన్నాడు. నాకైతే వంటింటికి చక్రాలు పెట్టినట్టు కనబడేది.

షామీర్‌పేట చెరువు దాకా పోయి, అక్కడే వండుకు తిని, సైకిళ్లు తొక్కి రావాలని అనుకున్నాం. అందుకే ఆ స్టాండు. డబ్బాలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. వ్యాను వెనక తలుపు పై అంచుకు కొక్కాలు తగిలించి, కింద నుంచి బెల్టులు గట్టిగా లాగితే, రెండు ఇనుప చేతులు చాచుకుని నిలబడింది. ఆ చేతుల మీద రబ్బరు పట్టీలున్నాయి. సైకిల్ నడిమి కడ్డీని వాటిలో పెట్టి బిగించాలన్నమాట.

మీ నాయిన సైకిల్ ఎక్కింది. నీదీ ఎక్కింది. నా సైకిల్ తెచ్చేసరికి మీ నాయిన తల గోక్కున్నాడు.

"అమ్మా, నీ దానికి నడిమి కడ్డీ ఏది?"

"ఆడోళ్ల సైకిల్‌కు కడ్డీ ఎందుకుంటదిరా? చీర కట్టుకొని ఎట్ల ఎక్కాలె?"

"మరి దీన్ని దేనికి తగిలియ్యాలె? ఉండనీయి. నువ్వు వ్యాను కాడ సల్లగ కూసో. సామాన్లు సూస్కుంటవ్."

సామాన్లట! రావల్కోల్ నుంచి మేడ్చల్‌కు అదే సైకిల్ మీద పాల క్యాన్లు వేసుకుని వచ్చి వీణ్ణి సాకాను. ఇప్పుడు నా మోకాళ్లు నడవనివ్వవు, కానీ తొక్కనిస్తాయి. గట్టు మీద నడుస్తానని మీ అమ్మ ముందే చెప్పింది. మీరిద్దరూ సైకిళ్ల మీద పోతారు. ఇక నేను సంచుల మధ్య ఇంకో సంచిలా కూర్చోవాలి. ఇంతేనా నా షామీర్‌పేట?

గబగబా ఇంట్లోకి పోయి, కారం దంచే చిన్న రోకలి పట్టుకొచ్చాను. హ్యాండిల్ కింది గొట్టానికి ఒక కొస, సీటు కింది గొట్టానికి ఇంకో కొస పెట్టి చూపించాను.

"ఇగో, కడ్డీ. కట్టు."

"అత్తమ్మా, రోకలా?" అని మీ అమ్మ నోరు మూసుకుని నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. కొత్త ఇనుము ఇంటికొస్తే పసుపు, కుంకుమ పెట్టకుండా వాకిలి దాటనివ్వదు కదా మీ అమ్మ! పసుపు రాలిపోకుండా నూనెలో కలిపి, స్టాండుకు పెట్టింది, రబ్బరు పట్టీలకు పెట్టింది, పనిలో పనిగా నా రోకలికీ నిండుగా పూసింది. నేనూ దండం పెట్టుకున్నాను. మీ నాయిన రోకలిని తాడుతో సైకిల్‌కు కట్టి, పట్టీల్లో బిగించాడు. అందులో తప్పేమిటో అప్పుడు ఎవ్వరికీ తోచలేదు.

మేడ్చల్ దాటాక మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర తెలిసింది. దంచి దంచి నున్నగా అయిన రోకలి, దాని మీద నూనె. ఒక పట్టీలోంచి సర్రున జారింది. నా సైకిల్ ఒక పక్కకు వేలాడి, ముందు చక్రం రోడ్డుకు రాసుకుంటూ వచ్చింది. వెనక స్కూటర్ మీద వస్తున్నాయన హారన్ మీద హారన్ కొట్టాడు.

"ఓ అన్నా! నీ సైకిల్ వడ్తాంది! అండ్ల రోకలి ఏందే?"

మీ నాయిన బండి పక్కకు ఆపాడు. దిగి చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"పరేషాన్ జేస్తివి గదనే అమ్మా. గీ హోటలోళ్ల కాడ పెడ్త. మళ్లొచ్చేటప్పుడు తీస్కపోదం."

"దాంతోటి నన్ను గూడ ఈడనే పెట్టు," అన్నాను. హోటల్ ముందు బెంచీ ఉంటే నిజంగానే పోయి కూర్చున్నాను. నువ్వు కిటికీలోంచి కిసకిసా నవ్వుతున్నావు, అదీ రాయి.

మీ అమ్మకు మాత్రం మొహం చిన్నబోయింది. "నూనె కలుపకుంటే బాగుండు," అని గొణుక్కుంది. అప్పుడు నాకు వెలిగింది. జిడ్డు చేతులకు మనమేం చేస్తాం? పిండి రుద్దుకుంటాం.

"రొట్టెలకని తెచ్చిన జొన్నపిండి తియ్యి బిడ్డా, జల్దీ!"

అత్తాకోడళ్లం రోడ్డు పక్కన నిలబడి రోకలికి, పట్టీలకు పిండి రుద్ది, జిడ్డంతా తుడిచేశాం. మీ నాయిన మెడలో తువ్వాల తీసి రోకలికి చుట్టి, దాని మీద పట్టీ బిగించమన్నాను. మళ్లీ అవమానం ఎందుకనుకున్నాడో ఏమో, తాడుతో ముడి మీద ముడి వేశాడు. షామీర్‌పేట దాకా సైకిల్ కదిలితే ఒట్టు.

దిగాక ఇంకో తిప్పలు. రోకలి తీస్తే తప్ప చీరతో నేను సైకిల్ ఎక్కలేను. ముళ్లు చూస్తే రాయిలా బిగుసుకున్నాయి. మీ నాయిన గోళ్లతో లాగాడు, చివరికి పళ్లతో పీకాడు. ముడి ఊడేసరికి మూతి పచ్చగా, మీసం మీద జొన్నపిండి.

"పెండ్లికొడుకు తీరుగున్నవ్," అంది మీ అమ్మ.

"దవడ గుంజుతాంది. నేను జర కూసుంట, మీరు పోండ్రి," అని చాప మీద కూలబడ్డాడు.

నేను సైకిల్ ఎక్కాను. రోకలి వాడి ఒళ్లో పెట్టాను.

"మంచిగయింది కొడకా. సామాన్ల కాడ ఎవరన్న ఉండాలె గద!"

గట్టు వెంట నువ్వు వెనక, నేను ముందు. కొంతదూరం పోయాక తిరిగి చూశాను. మీ నాయిన సంచుల మధ్య రోకలి పట్టుకుని, కాపలా మనిషిలా బుద్ధిగా కూర్చున్నాడు. నేను బెల్లు కొట్టాను.