రెండువందల పదహారో ట్యూబు

ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రి లాబొరేటరీ రిజిస్టరులో నా మీద ఒక వాక్యం పాతికేళ్ళకు పైగా ఉండిపోయింది. ఎర్ర సిరా, ఇంగ్లీషు. తెలుగులో చెబితే, "అటెండరు ఇద్దరు పిల్లల నమూనాలు కలిపేశాడు, దీన్ని పరిగణించరాదు" అని. ఆ అటెండరును నేనే. కలపలేదు. ఆనాడూ అదే చెప్పాను, ఈనాడూ అదే చెబుతున్నాను. ఈనాడు విన్నారు, అంతే తేడా.

నేను విజయనగరం దగ్గర పల్లెలో ఎనిమిదో తరగతితో బడి ఆపేసి పటాలంలో చేరినవాణ్ణి. అక్కడ మెడికల్ యూనిట్లో సీసాలు కడగడం, రక్తం తీయడం, మైక్రోస్కోపు తుడవడం నేర్చుకున్నాను. పటాలం వదిలాక ఆ లాబొరేటరీలో అటెండరుగా కుదిరాను. పిల్లల వార్డులో విరేచనాలతో చేరిన ప్రతి పసిబిడ్డ నుంచీ నమూనా తెచ్చి, నంబరు వేసి, ఫ్రీజరులో పెట్టాలి. అదీ నా పని. కాంటీనులో నన్ను టట్టీవాలా, అంటే మలం మోసేవాడు, అనేవారు. అననీ. వాళ్ళు పట్టుకోవడానికి జంకే వస్తువు నుంచే వాళ్ళ పెద్ద పెద్ద పేపర్లన్నీ పుట్టుకొచ్చేవి మరి.

ఆ రోజుల్లో చలికాలం వస్తే వార్డులో మంచానికి ఇద్దరు బిడ్డలు. కళ్ళు లోపలికి పోయి, చర్మం పట్టి లాగితే లాగినట్టే నిలబడిపోయి, ఏడవడానికి కూడా కన్నీళ్ళు లేని బిడ్డలు. వాళ్ళలో చాలామందికి రోటావైరస్. పెద్ద మైక్రోస్కోపు కింద బండిచక్రంలా ఉంటుందంటారు. నేను చూశాను, ఉంటుంది. చూపించమని ఒక టెక్నీషియన్ చుట్టూ ఆరు నెలలు తిరిగితే చూపించాడు.

నా చదువంతా ఇలాగే సాగింది. చెత్తబుట్టలో పడిన పత్రికలు ఇంటికి తెచ్చుకుని, పాత డిక్షనరీ ముందు పెట్టుకుని, పేరా పేరా కూడబలుక్కున్నాను. రోటావైరస్ లోపల దాని జన్యువు పదకొండు ముక్కలుగా ఉంటుందని అలాగే తెలిసింది. వాటిని జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో పరిగెత్తించి వెండి రంగు పట్టిస్తే పదకొండు గీతలు నిచ్చెన మెట్లలా పైనుంచి కిందికి దిగుతాయి. నాలుగు, రెండు, మూడు, రెండు. మా ఊరి చెక్కభజన తాళంలా నాకది కంఠతా వచ్చేసింది. ఏ బిడ్డలో ఏ రకం తిరుగుతోందో ఆ గీతల ఎడం చూసి గుర్తుపట్టేవారు. ఈ ఏడు ఏ రకం వచ్చింది, నిరుడు ఏది పోయింది, ఏది ఎక్కడినుంచి వచ్చింది అని వెతకడమే అక్కడి పెద్దల పని. నేను మనసులో ముందే లెక్కపెట్టేసుకుని, వాళ్ళు ఏమంటారా అని చూసేవాణ్ణి. ఎక్కువసార్లు సరిపోయేది.

ఒక జనవరిలో ఢిల్లీలోనే ఉన్న మునిర్కా నుంచి ఒక తల్లి ఏడు నెలల బిడ్డను శాలువాలో చుట్టుకుని తెచ్చింది. ఇప్పుడంటే అక్కడ అద్దె గదులు తప్ప మరోటి కనబడదు గానీ, అప్పుడు ఆ సందుల్లో ఇంటింటా గొడ్లు ఉండేవి. బిడ్డ గుడ్డ మీది నుంచి నమూనా నేనే తీశాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో ఎలా పట్టాలో ఆవిడకు చూపించాను. నిమిషానికో చెంచా, కక్కినా ఆపొద్దు అని. రెండో రోజుకి బిడ్డ కళ్ళు తెరిచి నా జేబులో పెన్సిలు లాక్కున్నాడు. ఇంట్లో నీళ్ళెక్కడివి అని అడిగితే ఆవిడ దాచకుండా చెప్పింది.

"ఆవు తొట్టిలోవే భయ్యా. వీడు దాని పక్కనే పాకుతాడు. అది వీణ్ణి నాకుతుంది కూడా."

ఆ నమూనాకు రెండువందల పదహారో నంబరు వేశాను.

జెల్ మీద దాని గీతలు పదకొండే. కానీ రెండు గీతలు తమ చోట్లో లేవు. ఆ ఏడు వార్డులో చూసిన ఏ నిచ్చెనకూ ఆ మెట్లు లేవు. మా పెద్ద డాక్టరుగారు భూతద్దం పెట్టి చూసి, "రెండు శాంపిళ్ళు కలిశాయి" అన్నారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"కలిస్తే పదకొండు కన్నా ఎక్కువ గీతలుండాలి కదా సార్? ఇవి పదకొండే. ఆ ఇంట్లో ఆవుంది సార్. ఆవు వైరస్ ముక్కలు రెండు ఇందులోకి వచ్చాయేమో."

గదిలో నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు, అది ఇంకా కష్టం.

"ఒక గీత మీద ఇంకో గీత కూర్చుంటుంది, తెలుసా నీకు? పదకొండు గీతల్లో పదిహేను ముక్కలు దాక్కోవచ్చు. ఆవు కథలు మీ ఊళ్ళో చెప్పుకో. ఇక్కడ సీసాలు కడుగు."

గీత మీద గీత కూర్చోవచ్చన్న మాట నిజమే. అది నేనూ చదివాను. ఆ రోజు కాదని చూపించే సాధనం నా దగ్గర లేదు. ఆయన దగ్గర మాత్రం కలిశాయని చూపించే సాధనం ఉందా? లేదు. ఆయన దగ్గర ఎర్ర పెన్ను ఉంది. రాసేశారు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నన్ను జెల్ గదిలోకి రానివ్వలేదు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. పటాలంలో మాకొక అలవాటు నేర్పారు. ముఖ్యమైనది ఏదైనా రెండు చోట్ల పెట్టు, ఒకటి సంచిలో, ఒకటి నడుముకి. అందుకని నేను ప్రతి నమూనానూ రెండు ట్యూబుల్లో పోసేవాణ్ణి. ఒకటి రిజిస్టరు లెక్కన పై అరలో. రెండోది టేపు చుట్టి, నా సొంత డబ్బాలో, కింది అరలో. పై అర ట్యూబు అయిపోయినవాడు పక్కవాడి డబ్బాలో చెయ్యి పెట్టడం ఆ లాబొరేటరీలో పరిపాటి. నా డబ్బా జోలికి ఎవరూ రాకుండా నంబర్లు తెలుగు అంకెల్లో వేశాను. అదీ పెన్సిలుతో, గాయాలకు వేసే గుడ్డ ప్లాస్టరు మీద. సిరా స్పిరిట్ తగిలితే పోతుంది, మంచు కరిగితే పోతుంది. పెన్సిలు పోదు. ఈ ముక్క చెబితే అప్పుడూ నవ్వారు. రెండో ట్యూబు సంగతి మాత్రం చెప్పలేదు, చెప్పినా ఆనాటి జెల్ మీద మళ్ళీ అవే గీతలు, మళ్ళీ అదే మాట.

నిరుడు చలికాలంలో, ఢిల్లీ పక్కన వైశాలిలో మా అమ్మాయి ఇంట్లో భోంచేస్తుండగా కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నమస్తే అంకుల్. నేను మీ పాత లాబ్‌ల పీహెచ్‌డీ చేస్తున్న. రిటైరైనోళ్ళ వాట్సాప్ గ్రూపుల అడిగితే మీ నంబర్ ఇచ్చిన్రు. ఇక్కడ పాత ఫ్రీజర్ ఖాళీ చేస్తున్నం. ఒక డబ్బా మీద ఏదో తెలుగు లెక్క గీసి ఉంది. చదవరావట్లే. మీరే రాసిన్రా?"

"ఏ ఊరమ్మా మీది?"

"కరీంనగర్ దిక్కు అంకుల్."

"మరి తెలుగు అంకెలు రావా?"

"మాకు ఎవ్వరు చెప్పలే. నేనైతే డిజైన్ అనుకున్న."

నాకు ఒళ్ళు మండింది. అయితే ఆ మంటలోనే ఒకటి తట్టింది. డబ్బా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ పారేయలేదు. ఎందుకు పారేస్తారు? అందులో ఏముందో తెలియందే పారేయమని సంతకం ఎవడు పెడతాడు?

అసలు సంగతి ఆ పిల్ల అప్పుడు చెప్పింది. బిడ్డలకు రోటావైరస్ చుక్కల మందు వేయడం మొదలుపెట్టక ముందు ఢిల్లీలో తిరిగిన వైరస్‌లను, ఇప్పుడు తిరుగుతున్నవాటినీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూడటం ఆమె పని. పై అరలోని రెండువందల పదహారో ట్యూబు తీసి, ఇప్పటి మిషను మీద ముక్కముక్కా అక్షరాలు చదివించింది. తొమ్మిది ముక్కలు మనిషివి, రెండు ఆవు జాతివి. ఎగిరి గంతేసి వాళ్ళ గైడు మేడమ్‌కి చూపిస్తే, మేడమ్ రిజిస్టరు తెరిచి ఎర్ర సిరా చూపించిందట.

"ఈ ట్యూబును అప్పట్ల పది మంది తెరిచిన్రు, దీని మీద నమ్మకం లేదు, తీసెయ్ అంటున్నరు అంకుల్. సోమవారం పాతవన్నీ కాల్చెయ్యనీకి పంపిస్తరు. మీకేమన్న యాదికున్నదా?"

యాదికి ఉందా అని నన్ను అడుగుతోంది. "నా ట్యూబు ఇంకోటి ఉంది. ఎవరూ తెరవనిది. రేపు వస్తున్నాను, ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యకు" అన్నాను. మళ్ళీ ఆపుకోలేక ఆ బిడ్డ విరేచనం ఏ రంగులో ఉందో, ఎంత పల్చగా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. ఎదురుగా కంచం ముందు కూర్చున్న మనవరాలు చెవులు మూసుకుంది.

"నానూ, ప్లీజ్. ఖానే కే టైమ్ నహీ."

"మీ తాత నాకు పెళ్ళి చూపుల్లో కూడా ఇవే చెప్పాడే" అంది లోపలినుంచి మా ఆవిడ.

పొద్దున్నే మెట్రో ఎక్కాను. గేటు దగ్గర గార్డు నా వయసు చూసి, "బాబా, ఓపీడీ ఉధర్ హై" అన్నాడు. "రోగిని కాను, సాక్షిని" అన్నాను. వాడికి అర్థం కాలేదు, దారి మాత్రం ఇచ్చాడు.

ఆ పిల్ల మందపాటి గ్లవుజులు తొడుక్కుని డబ్బా బయటికి తీసింది. పక్కన వాళ్ళ మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. పై అర నుంచి తెచ్చిన పాత డబ్బాల్లో సగం ట్యూబుల మీద సిరా చెరిగి నీలి మరకలు మిగిలాయి. నా డబ్బాలో ఒక ట్యూబు మీది మంచు నేను బొటనవేలితో తుడిచాను. ౨౧౬. నిన్న రాసినట్టుంది. మూత చుట్టూ టేపు చెక్కుచెదరలేదు.

"చదువు" అన్నాను ఆ పిల్లతో.

"మొదటిది రెండా అంకుల్? కొక్కెం లెక్కున్నది."

"రెండు. తర్వాత ఒకటి. తర్వాత ఆరు. నేర్చుకో."

మేడమ్ నా వంక చూసి హిందీలో నిదానంగా అడిగింది. బిడ్డ దగ్గరే రెండు నమూనాలు కలిసి ఉండొచ్చు కదా, అప్పుడు ఈ ట్యూబులోనూ అవే వస్తాయి కదా అని. మంచి ప్రశ్న. పాతికేళ్ళ కిందట నన్నెవరూ అడగని మర్యాదైన ప్రశ్న.

"కలిస్తే ఆ రెండు ముక్కల్లో మనిషి రకం కూడా దొరకాలి మేడమ్. ఆవుదీ మనిషిదీ రెండూ ఉండాలి. అది వెతికించండి. దొరికితే నేనే కలిపానని కాగితం మీద రాసి ఇచ్చి పోతాను. దొరక్కపోతే ఆ రిజిస్టరు సంగతి మీరు చూడాలి."

ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. తర్వాత, "ఠీక్ హై బాబూజీ" అంది. సోమవారం పోయే బండిలోంచి నా డబ్బాను తప్పించింది.

ఆ మూడు వారాలు ఇంట్లో నాతో వేగడం కష్టమైందని మా అమ్మాయి అంటుంది. నాకలా అనిపించలేదు. ఒక్కసారి మాత్రం ఆ పిల్లకు ఫోను చేసి పోట్లాడాను. ఈ రోజుల్లో నమూనాలే దొరకట్లేదు, డైపర్లన్నీ పీల్చేస్తున్నాయి అని ఆమె విసుక్కుంటే, "డైపరు తిరగేసి తొడిగించు, ప్లాస్టిక్ వైపు బిడ్డ ఒంటికి వస్తుంది, పీల్చదు. ఇది కూడా మీకు చెప్పాలా?" అన్నాను. రెండు రోజులకు ఆమె దగ్గరనుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది. పనిచేసిందన్నమాట.

నేను పాల బూతు దగ్గర క్యూలో ఉండగా ఫోను మోగింది.

"అంకుల్, పదకొండే. రెండు ముక్కలు ఆవుయే, వాటిల్ల మనిషి రకం జాడ కూడా లేదు. రెండు సార్లు చేసిన. పై ట్యూబు, మీ ట్యూబు, అక్షరం తేడా లేదు. కలవలే అంకుల్. ఒక్కటే వైరస్."

నేను పాలు తీసుకోకుండా క్యూలోంచి బయటికి వచ్చేశాను. వెనకవాడు సంతోషించాడు. ఆవు తొట్టి దగ్గర పాకిన ఆ బిడ్డ ఒంట్లో రెండు వైరస్‌లు ఎప్పుడో కలుసుకుని ముక్కలు మార్చుకున్నాయో, లేక అలా మార్చుకున్నదే వాడి దాకా వచ్చిందో, అది మాత్రం ఆ పిల్ల తేల్చుకోవాలి. నేను కలపలేదు. నాకది చాలు.

మర్నాడు లాబొరేటరీకి వెళ్ళేసరికి రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంది. పేజీ పసుపెక్కింది, ఎర్ర సిరా మాత్రం ఎర్రగానే ఉంది. మేడమ్ తెల్ల సిరా సీసా తెప్పించి పెట్టింది. ఆ వాక్యం మీద పూసేసి, చక్కగా కొత్తది రాద్దామని ఆమె ఉద్దేశం. పాత డాక్టరుగారు ఢిల్లీలోనే సాకేత్‌లో ఉన్నారు, పెద్దవారైపోయారు, ఆయన మనసెందుకు నొప్పించడం అని కూడా అంది.

నేను సీసా మూత బిగించి పక్కన పెట్టాను.

"లాబొరేటరీలో తప్పును చెరపకూడదు మేడమ్. చదవడానికి వీలుగా ఒకే గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తారీఖు వెయ్యాలి. ఇది నాకు నేర్పింది ఆయనే."

ఆమె నవ్వింది. స్కేలు తెప్పించి ఆ ఎర్ర వాక్యం మీద ఒకే ఒక గీత గీసింది. కింద, "ఒకే బిడ్డ, ఒకే నమూనా, ఒకే వైరస్. సేకరించినవారి పని సరైనది" అని రాసి సంతకం పెట్టింది. ఆ పిల్ల సాక్షి సంతకం చేసింది. నన్నూ చెయ్యమన్నారు. జేబులోంచి పెన్సిలు తీశాను.

"పెన్ను వాడండి బాబూజీ" అంది మేడమ్.

"ఇది పోదు మేడమ్" అని, పేరు రాసి, పక్కన తారీఖు తెలుగు అంకెల్లో వేశాను. ఆ పిల్ల వంగి, వేలు పెట్టి, ఒక్కొక్కటే తప్పు లేకుండా చదివింది.

గీత కింది ఎర్ర వాక్యం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించాలి.