గుర్రపు చెవి

హెర్బోర్గ్ ముప్పై నాలుగేళ్లు బెర్గెన్ రేవులో చేపల తలలు నరికింది. తలకు ఒక్కటే వేటు. రెండో వేటు వేసేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "చేతకాకపోతే కత్తి కింద పెట్టు, చచ్చినదాన్ని మళ్లీ చంపకు" అనేది. డెబ్బై నిండినా ఆ కుడిచెయ్యి ఇనుప కడ్డీలాగే ఉంది. ఎడమచేతి చిటికెనవేలు మాత్రం కొక్కెంలా వంకర. ఎవరైనా అడిగితే "మా అయ్య రాసిచ్చిన ఆస్తి" అనేది.

ఆ శనివారం పొద్దున్నే చెల్లెలు గీదా గొడుగేసుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"కాఫీ తాగి బయల్దేరక్కా. అయ్య చెక్కిన ఇస్త్రీ చెక్క మ్యూజియం గోడకెక్కింది. చూసొద్దాం."

"ఏ మ్యూజియం?"

"ఏమో. పాత సామాన్లు ఏరుకునే బాబొకడు వేసవిలో ఇంటికొచ్చి పట్టుకుపోయాడు. పేరు రాసిన కాగితం ఇచ్చాడు గానీ, దాంతో పొయ్యి రాజేశాను."

హెర్బోర్గ్ లేచింది. బీరువా అడుగునుంచి చిన్న రేకు డబ్బా తీసి కోటు జేబులో వేసుకుంది.

అరవై ఒక్క ఏళ్లుగా ఆమె చెబుతున్న మాట ఒకటే. అమ్మ నేలమాళిగ మెట్ల మీంచి జారి చావలేదు, అయ్య ఆ చెక్కతో కొట్టి చంపాడు. అప్పటికి హెర్బోర్గ్‌కు తొమ్మిదేళ్లు, గీదాకు ఆరు. గీదా ఆ మాట ఒక్కనాడూ నమ్మలేదు. అక్క అబద్ధాలకోరని ఊరంతా చాటింది, అయ్యకు ఆఖరిదాకా చాకిరీ చేసింది. గీదా తన నోటితో అది నిజమని ఒప్పుకునేదాకా చావనని హెర్బోర్గ్ పంతం. దానికి ఆ చెక్క కావాలి. మొన్న వేసవిదాకా అది అయ్య ఇంటి గోడ మీదే ఉంది. యాభై ఏళ్లుగా ఆ గడప హెర్బోర్గ్ తొక్కలేదు.

ఇద్దరు ముసలమ్మలూ వానలో కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగారు. మొదటి మ్యూజియం నిండా గొడ్డళ్లు, కత్తులు, నడినెత్తిన గాటు పడిన పుర్రె ఒకటి.

"ఎంత ఘోరంగా చంపారో పాపం!" అంది గీదా.

"అదృష్టవంతుడు. ఏ గొడ్డలితో పోయాడో పక్కనే రాసిపెట్టారు. మన అమ్మకు ఆపాటి గతి లేదు."

"మళ్లీ మొదలెట్టావా?"

రెండో మ్యూజియంలో తిమింగలాల్ని పొడిచే బల్లేలు వేలాడదీశారు. నెత్తుటితో ఎర్రబడ్డ సముద్రం బొమ్మ ముందు నిలబడి గీదా తన పాత తూటా పేల్చింది. "నీ నోటికి జడిసే ఒక్క మగాడూ నీ గడపకు చెక్క తేలేదు."

కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన ఆ ఫ్యోర్డు పల్లెల్లో పాతకాలపు పద్ధతి అది. తడి దుప్పట్లను కర్రకు చుట్టి, పైన ఒత్తి దొర్లించే పొడుగాటి చెక్క. దానికి గుర్రం ఆకారంలో పిడి. పెళ్లి కోరినవాడు దాన్ని చెక్కి, పిల్ల పేరులో మొదటి అక్షరం వేసి, గుమ్మానికి తగిలిస్తాడు. పిల్ల లోపలికి తీసుకుంటే పెళ్లి. తీసుకోకపోతే వాడు ఆ చెక్కను ఇంటికి మోసుకుపోవాలి. దాన్ని మరో పిల్లకివ్వడం మహా తప్పు, కొత్తది చెక్కుకోవాలి. వాళ్లయ్య తోర్కెల్ ఆ తప్పే చేశాడు. మరొకతె కాదన్న చెక్క మీది అక్షరం గోకేసి, పైన బ్రీతా పేరు చెక్కి, ఆమె చేతిలో పెట్టాడు. పెళ్లైన పదిహేనేళ్లకు, చాకిరేవులో పదిమంది ముందు, బ్రీతా ఆ గోకుడు గుర్తు చూసింది. "ఓహో, నాకు దక్కింది ఎంగిలి చెక్కన్నమాట!" అని నవ్వింది. ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. సాయంత్రానికి ఆమె శవం.

మధ్యాహ్నం ఎండురొట్టె, ఉప్పుచేప తిని మిట్ట మీది మూడో మ్యూజియానికి ఎక్కారు. అది పాత కర్ర ఇల్లు. కాపలా మనిషి సీవెర్ట్ పొయ్యి దగ్గర పైపు కాలుస్తున్నాడు. ఎదురుగోడకు, రెండు మేకుల మీద, ఆ చెక్క! గుర్రానికి ఒక చెవి నిక్కి ఉంది, రెండోది మొదలంటా విరిగింది. కింద చీటీ. హెర్బోర్గ్‌కు అక్షరాలు కూడబలుక్కోవాలి. వంకర వేలు పెట్టి చదివింది. "ప్రేమ కానుక."

ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టి డబ్బా పట్టుకుంది.

గీదా మాత్రం సీవెర్ట్‌ను పిలిచి మురిసిపోతోంది. "మా అయ్య పనితనం బాబూ! ఈ చెవి మీద నొక్కులు చూశావా? అవి నా పాలపళ్లు. పళ్లొచ్చేటప్పుడు కొరికేదాన్నట."

"మరి రెండో చెవి ఏమైందమ్మా?"

"అది పెళ్లినాడే విరిగిపోయిందని అయ్య చెప్పేవాడు."

హెర్బోర్గ్ రేకు డబ్బా తెరిచింది. అందులో బొటనవేలంత చెక్కముక్క, నల్లగా.

"ఇది అమ్మ జుట్టులో దొరికింది. శవపేటికలో పెట్టేముందు తల దువ్వింది నేనే. పాదిరిగారికి చూపిస్తే ఆయన అయ్యకే చెప్పాడు. ఆ రాత్రే అయ్య నా వేలు తలుపు సందులో పెట్టి మూశాడు. ముక్క ఎక్కడ దాచావని నలిపాడు. అయినా ఇవ్వలేదు."

"అబద్ధం! ఎక్కడో చెక్కించావు!" గీదా అక్క మీద పడి లాక్కోబోయింది. హెర్బోర్గ్ వదల్లేదు. గీదా గొడుగు పిడితో మూతి మీద కొట్టింది, పెదవి చిట్లింది. హెర్బోర్గ్ చెల్లెలి జుట్టు పట్టి గోడకేసి అదిమింది. బల్ల తిరగబడింది, మట్టికూజాలు పగిలాయి. "అమ్మా, అమ్మా, ఇది మ్యూజియం!" అని సీవెర్ట్ మధ్యలో దూరి మోచేతి పోటు తిన్నాడు. అరుపులేగానీ ఆపడం వాడి తరం కాలేదు.

హెర్బోర్గ్ ఒక చేత్తో చెల్లెల్ని అదిమిపట్టి, రెండో చేత్తో ముక్కను గుర్రం తలకు ఆనించింది. అది టక్కున కూర్చుంది.

"కళ్లు తెరువు. దీని మీదా నొక్కులున్నాయి, చూడు. పెళ్లినాడు విరిగిన చెవిని, పెళ్లైన తొమ్మిదేళ్లకు పుట్టినదానివి ఎలా కొరికావే?"

గీదా చూసింది. వేలితో ఈ చెవి తడిమింది, ఆ చెవి తడిమింది. రెండింటి మీదా అవే చిన్న పళ్లు, ముందు పళ్ల మధ్య అదే సందు. ఆ సందు ఇప్పటికీ ఆమె నోట్లో ఉంది. హెర్బోర్గ్ చెవిని తీసి మళ్లీ డబ్బాలో వేసింది.

ఆమె గొంతులోంచి గొడ్డు రంకెలాంటిది వచ్చింది. చెక్కను మేకుల మీంచి పీకి, ఇనుప పొయ్యికేసి బాదింది. ఒకసారి, రెండుసార్లు. "పన్నెండేళ్లు మంచంలో వాడి మలమూత్రాలు ఎత్తానే! ఈ చేతుల్తో ఎత్తానే!"

మూడో దెబ్బకు హెర్బోర్గ్ ఆమె మణికట్టు ఒడిసిపట్టింది.

"ఆపు. ఇది ముక్కలైపోతే వాడు బతికిపోతాడు. ఉండనీ. జనం చూడాలి." సీవెర్ట్ వైపు తిరిగింది. "ఈ చెవి కావాలా నీకు?"

"కావాలమ్మా, అతికిస్తే పూర్తి వస్తువవుతుంది."

"అయితే ఆ చీటీ చించు. నేను చెప్పింది రాయి."

సీవెర్ట్ ఆమె పెదవి నెత్తురు చూశాడు, ఆ కుడిచెయ్యి చూశాడు, మారుమాట్లాడకుండా కలం తీశాడు. రాశాక హెర్బోర్గ్ ఆ చీటీ తీసుకుని చెల్లెలి ముందు పెట్టింది.

"నాకు కూడబలుక్కోవాలి. బడికి పోయినదానివి నువ్వే. పైకి చదువు."

గీదా ముక్కు చీదుకుంది. హెర్బోర్గ్ కదలకుండా నిలబడింది. వాన కిటికీని కొడుతూనే ఉంది.

"తోర్కెల్ చెక్కినది" అని గీదా చదివింది. "దీనితోనే భార్య బ్రీతాను కొట్టి చంపాడు. కూతుళ్లిద్దరికీ తెలుసు."

హెర్బోర్గ్ డబ్బాలోని చెవిని సీవెర్ట్ చేతిలో పెట్టి, గొడుగు తీసుకుంది.