ఒంటిచేత్తో తొడుక్కునే గౌను

ఉద్యోగం మానడానికి మూడేళ్ల ముందు, ఒక సెప్టెంబరులో, ఐర్లండ్‌లో డ్రోహెడా పట్టణంలోని మా కుట్టుశాలలో నన్ను ప్రధాన కట్టర్‌ను చేశారు. కొలతలు తీసి గుడ్డ కత్తిరించడం కట్టర్ బాధ్యత, కుట్టేవాళ్లు వేరు. మధ్యయుగపు మగవాళ్ల గౌన్లను పాత బొమ్మలూ సమాధి శిల్పాలూ చూసి, అడిగినవారి కొలతలకు మళ్లీ తయారుచేసేవాళ్లం. గౌను అంటే మనకు ఆడపిల్లల బట్ట గుర్తొస్తుంది. ఇది ఆనాటి పట్టణ పెద్దలు తొడిగిన, మడమల దాకా దిగే ఉన్ని అంగీ. ఇస్త్రీ ఆవిరికి ఆ ఉన్ని నుంచి లేచే వాసన కోసమే నేను ఉదయం అందరికన్నా ముందు వెళ్లేవాణ్ణి.

ఆ నెలలోనే బ్రెండన్ అనే రిటైరైన శిల్పి కూతురితో వచ్చారు. వాళ్ల ఊరి ఉత్సవంలో ఏటా పాతకాలపు మేయర్ వేషం ఆయనదే. ఒక సమాధి శిల్పం ఫొటో చూపించి అచ్చం అలాంటిదే కావాలన్నారు. అది తల మీదుగా తొడిగే రకం. ఆయన కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికి ఉంది. పుస్తకంలో రాసుకున్నాను. ఎందుకని అడగలేదు.

ఉన్ని కత్తిరించే ముందు కోరా గుడ్డతో నమూనా కుట్టి ఫిట్టింగ్ చూస్తాం. ఆ రోజు ఆయన కుడిచెయ్యి పైకి లేవలేదు. తల గుడ్డలో ఇరుక్కుంది. నేనే లాగి విడిపించాను. పక్షవాతం వచ్చి ఏడాదైందని అప్పుడు చెప్పారు. ఉత్సవం రోజున తొడగడానికి మనిషిని పంపుతానంది మా యజమాని షివాన్.

"పొద్దున షర్టు కూడా మా అమ్మాయే తొడుగుతోంది. ఇదొక్కటైనా నేనే తొడుక్కుందామనుకున్నాను. గ్రాండ్, సరేలెండి, వదిలేయండి," అని ఆయన వెళ్లిపోయారు.

మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. విషయం చెబితే, "కొలతలప్పుడు ఆయన కోటు ఎవరు విప్పారండీ?" అంది. కూతురు విప్పింది. నేనప్పుడు టేపు వెతుక్కుంటూ అటు చూడనే లేదు.

"పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆఖర్న తీయాలి. ముందువైపు తెరిచి ఉంటేనే ఆయనకి కుదురుతుంది."

పాత బొమ్మలు తిరగేస్తే, ముందు తెరుచుకుని లోపల హుక్కులతో మూసే గౌన్లూ కనిపించాయి. ఆధారం లేని కుట్టు వేయకూడదన్నది షివాన్ నియమం. బొమ్మలు చాలాసేపు చూసి ఒప్పుకుంది. నా కుడిచేతిని నడుముకు కట్టేసుకుని హుక్కులు పెట్టి చూశాను. చిన్నవి జారిపోయాయి; పెద్దవి చేయించాను. చెయ్యి సులువుగా దూరేలా కుడి చంక కింద అదనంగా ఒక ముక్క వేశాను.

ఫోన్ చేసి, ఒక్కసారి రమ్మని బతిమాలాను. బ్రెండన్ వచ్చి రెండో నమూనాతో గదిలోకెళ్లి తలుపేసుకున్నారు. కూతురు లేవబోతే షివాన్ ఆపింది. పావుగంట గడిచింది. లోపల్నుంచి ఒక తిట్టు వినిపించింది. చివరికి తలుపు తెరుచుకుంది. ఒక హుక్కు పక్క కాజాలో పడింది. సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"శిల్పంలో ఇలా లేదు," అన్నారాయన అద్దంలో చూసుకుంటూ.

లేదని ఒప్పుకున్నాను.

"పర్లేదు. ఆ రాతిమనిషి బట్ట తొడుక్కోనక్కర్లేదుగా."

మర్నాడు ఎర్ర ఉన్ని కత్తిరించాను. ఆ ఏడాది ఉత్సవంలోనూ మేయర్ ఆయనే.

కొలత ఒంటి సంగతి చెబుతుంది. మనిషి ఆ బట్టలోకి ఎలా వెళ్తాడో చెప్పదు. అది అడిగి తెలుసుకోవాలి. అడగడం కూడా కట్టర్ పనేనని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.