మునెమ్మక్క అరుగు

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వర్తూరులో మా అపార్టుమెంటు లిఫ్టు ఎక్కగానే పచ్చి అనపకాయల వాసన గుప్పుమంది. ఎవరింటికో సరుకులు తెచ్చిన సంచీ తాలూకు వాసన. ఏ అంతస్తు వాళ్లో తెలియదు గానీ, వాళ్లింట్లో కలిసి కూర్చుని ఒలిచే మనుషులున్నారేమో అనుకోగానే నాకు కుళ్లు పుట్టింది. ఆ కుళ్లు ఇవాళ్టిది కాదు, ఎనిమిదేళ్ల వయసులో కాడుగోడిలో మొదలైంది.

అక్కడ మాది ఒకే వాకిలి చుట్టూ ఆరిళ్లున్న వఠారం. అమ్మ సుగుణ ఆస్పత్రిలో నర్సు. ఎదురింటి మునెమ్మక్క బళేపేటలో గాజులు కొనుక్కొచ్చి వీధివీధి తిరిగి అమ్మేది. చలికాలం వచ్చిందంటే వఠారమంతా అనపకాయలే, ఎంత రుద్ది కడిగినా పిల్లల వేళ్లను వదలని ఆ జిడ్డు వాసనే. క్రిస్మస్‌కి అమ్మ తీపి పిండితో నూనెలో కాల్చే గులాబీపువ్వులు మిగతా ఐదిళ్లకూ వెళ్లేవి, మునెమ్మక్క తొక్కతీసిన అనపగింజలతో చేసే పితికిపప్పు పులుసు మా ఇంటికి వచ్చేది, మా గుమ్మానికి వేలాడే కాగితపు నక్షత్రం కింద మేం చీకటి పడేదాకా అచ్చనగాయలు ఆడేవాళ్లం.

అయితే డ్యూటీ దిగి వచ్చిన అమ్మ తిన్నగా మా ఇంట్లోకి రావడానికి లేదు. అది మునెమ్మక్క పెట్టిన చట్టం. ముందు తన అరుగు మీద కూర్చోబెట్టి, చేతికి కాఫీ గ్లాసిచ్చి, మధ్యలో నానబెట్టిన అనపగింజల గిన్నె పెట్టేది. ఇద్దరూ ఒక్కో గింజా పితికి తొక్క తీస్తూ మాట్లాడుకునేవాళ్లు, అమ్మ ఒక్కోరోజు పగలబడి నవ్వేది, ఒక్కోరోజు కొంగుతో కళ్లు తుడుచుకునేది. నేను దగ్గరికి వెళ్తే మునెమ్మక్క తరిమేసేది.

"మీయమ్మ ఇంకా రాలేదనుకో పాపా, లోపలికి పో."

కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తూ ఉడికిపోయేదాన్ని. మా అమ్మ నవ్వు ముందు ఆమెకి, మిగిలితే నాకా? ఆ కాఫీ గ్లాసు మీద కూడా నాకు అసూయే.

ఒకరోజు గేటు దగ్గరే కాపుకాసి, "మునెమ్మక్క లేదమ్మా, బళేపేటకి పోయింది" అని అబద్ధం చెప్పాను. అమ్మ నా వెంట ఇంట్లోకి వచ్చింది. గెలిచాననుకున్నాను. స్కూలు కబుర్లన్నీ ఒక్కసారే మొదలుపెట్టాను. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగి కారిపోతున్నా చూస్తూ నిలబడింది. "అమ్మా, పాలు" అన్నందుకు చేతికందిన కంచం గోడకేసి కొట్టింది. ఆ తర్వాత అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చింది. ఎదురింట్లోకి పరుగెత్తుకెళ్లి మునెమ్మక్క చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆమె గింజల గిన్నెతోనే వచ్చింది. అమ్మ పక్కన చతికిలబడి, గిన్నె ఆమె ఒడిలో పెట్టింది.

"పితుకు సుగుణా."

చాలాసేపు పితికాక అమ్మ చెప్పింది, పొద్దున్న వార్డులో ఒక పసిబిడ్డ తన చేతుల్లోనే పోయిందని. కాస్త తేరుకుని అడిగింది, "బళేపేట నుంచి ఎప్పుడొచ్చావక్కా?"

మునెమ్మక్క నా వైపు ఒక్క చూపు చూసింది. "ఇప్పుడే వస్తా ఉండా" అంది.

ఆ వఠారం ఉన్నచోట ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు లేచింది, ఒక్క అరుగూ లేదు. మునెమ్మక్క లేదు, అమ్మా లేదు. ఇప్పుడు నా కుళ్లంతా అమ్మ మీదే. ఏం పెట్టిపుట్టిందీవిడ! రోజంతా చావుల మధ్య తిరిగినా ఆ బరువు దింపుకోవడానికి ఎదురింట్లోనే మనిషి ఉంది. మా ఎదురింటివాళ్ల పేరు నాకు తెలియదు, వాళ్ల చెప్పుల స్టాండు తెలుసు. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో ఆఫీసు నాకు నెలనెలా మెయిలు పంపిస్తుంది.

నా కూతురికి కూడా ఎనిమిదేళ్లే. లిఫ్టు చప్పుడు వినగానే తలుపు తీసి నిలబడుతుంది, నా రోజంతటి చిరాకూ మొదట దాని మీదే పడుతుంది. నిన్న కూడా అలాగే తీసింది. నా మొహం చూసి, నేనింకా చెప్పులైనా విప్పకముందే, "సారీ మమ్మీ" అంది.