ముడి బిగించే ముందు

పెద్దక్క పోయిందని నిన్న పొద్దున్నే చల్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి వరండాలోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగొస్తాను. అక్కదీ ఇదే తీరు. చల్లపల్లిలో దిగాల్సి ఉన్నా, బస్సు సగం దారిలో ఉయ్యూరు దాటకముందే సంచి భుజాన వేసుకుని లేచి నిలబడేది. కూర్చోవే అంటే, "కూర్చుంటే బస్సు తొందరగా పోతుందా?" అనేది. నిలబడితే పోతుందా అని నేనంటే కోపం.

నన్ను పట్టుబట్టి నర్సు ట్రైనింగుకి పంపింది ఆవిడే. తను బళ్లో లెక్కల టీచరు. ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ మెల్ల. క్లాసులో ఒకరిని చూసి "నువ్వు చెప్పు" అంటే ఇద్దరు లేచేవారు, లేదా ఎవరూ లేచేవారు కాదు. పిల్లలు తన కంటినే చూస్తుంటే "బోర్డు ఇటుంది నాన్నా" అనేది మెత్తగా. ఇంటికొచ్చి గిన్నెలు విసిరేది.

డెబ్బైల చివర్లో నేను బెజవాడలో ఒక కంటి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా డాక్టరు గారు కొత్త పద్ధతి నేర్చుకొచ్చారు. కంటి కండరాన్ని జరిపి, కుట్టిన దారాన్ని జారుముడితో వదిలి, మనిషిని లేపి కూర్చోబెట్టి చూడమంటారు. కన్ను కుదిరాకే ముడి బిగిస్తారు. మత్తు కంటికే, మనిషి మెలకువగానే ఉంటారు. అక్కను నేనే లాక్కొచ్చాను.

"ఈ వయసులో చేస్తే ఒకటి రెండుగా కనిపించే ప్రమాదం ఉందమ్మా" అని డాక్టరు గారు ముందే చెప్పారు. మెల్లకన్నుతో ఉద్యోగం ఎలాగో నడుస్తోంది. బోర్డు మీద అంకెలు రెండేసి కనిపిస్తే అదీ పోతుంది. అయినా చివరికి అక్క ఒప్పుకుంది.

ఆపరేషన్ బల్ల మీద అక్కను లేపి కూర్చోబెట్టారు. నేను ఎదుటి గోడ దగ్గర టార్చిలైటు పట్టుకున్నాను.

"ఎన్ని లైట్లమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"ఒకటేనండీ."

ఆ గొంతు నాకు తెలుసు. ఎవరింటికి భోజనానికెళ్లినా, వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అనే గొంతు. మా వైపు మొదటిసారి అడిగితే ఎవరూ పెట్టించుకోరు. మా అక్క ఎన్నిసార్లు అడిగినా పెట్టించుకోదు, ఆకలితో ఇంటికొచ్చి ఆవకాయన్నం కలుపుకుంటుంది. డాక్టరు గారు ముడి బిగించడానికి దారం అందుకుంటున్నారు.

"ఆగండి డాక్టరు గారూ. మా అక్క మొహమాటానికి చెబుతోంది. ఇంకోసారి అడగండి."

ఆయన ముందుకు వంగారు. "నన్ను మెప్పించొద్దమ్మా. ఎన్ని?"

"రెండండీ. పాపం, ఇందాకటినుంచీ మీరు నిలబడే ఉన్నారు కదండీ."

"నా కాళ్ల సంగతి నేను చూసుకుంటాను. మీరు లైటు చూడండి."

దారం కొంచెం లాగారు. నొప్పికి అక్క బల్ల అంచు పట్టుకుంది. "దగ్గరకొస్తున్నాయండీ." మళ్లీ సర్దారు. "కలిశాయండీ." నావైపు చూసి, "నిజంగానే" అని కసిరింది. అప్పుడు ముడి పడింది.

ఆ తర్వాత చేయించుకున్న వాళ్లందరికీ అలా కుదరలేదు. కొందరికి కొన్నాళ్లకు కన్ను మళ్లీ పక్కకు జరిగింది. బాగా అలిసిన రోజున అక్కకీ కాస్త జరిగేది.

సెలవు అయ్యాక మొదటిరోజు ఒంటరిగా బడికి వెళ్లడానికి జంకి నన్నూ తీసుకెళ్లింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. అక్క బోర్డు మీద లెక్క వేసి, ఇటు తిరిగి, చివరి బెంచీలో ఒక పిల్లను చూసింది. పేరు పెట్టి పిలవలేదు, వేలు చూపించలేదు. ఆ పిల్ల ఒక్కతే లేచి నిలబడింది. అక్క ఆ పిల్లను అలా చూస్తూనే ఉండిపోయింది. ఏమడగాలో మరిచిపోయింది.