జర్మనీ మాస్టారికి కప్పిన శాలువా

పరాయి దేశంలో, మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో మా అమ్మాయి వాళ్ల పక్కింట్లో ఒక జర్మనీ పెద్దాయన ఉండేవారు. మా మనవరాలికి వయొలిన్ నేర్పింది ఆయనే. ఫీజు మాటెత్తితే చెయ్యి ఊపేసేవారు. ఇడ్లీలు పంపితే అదే గిన్నెలో నిమ్మకాయలు వేసి తిప్పి పంపేవారు. ఒకరి రుణం ఉంచుకునే మనిషి కారు, తన రుణం తీర్చుకోనిచ్చే మనిషీ కారు.

కిందటి చలికాలం ఆయన ఇల్లు ఖాళీ చేసి, వెల్లింగ్టన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారని తెలిసింది. పిల్లకి విద్య చెప్పిన మనిషిని ఉత్త చేతులతో ఎలా సాగనంపడం? నాకు అదే దిగులు.

"గిఫ్ట్ కార్డ్ ఇద్దామా?" అంది మా అమ్మాయి.

"తీసుకోరే. తలుపు సందులోంచి మళ్లీ మనింట్లోకే వేసిపోతారు."

మా వైపు విద్వాంసుడికి శాలువా చేతికివ్వరు, భుజాల మీద కప్పుతారు. కప్పాక కాదనడానికి ఏముంటుంది? మనవాళ్ల కొట్లుండే శాండ్రింగ్‌హామ్ వెళ్లి జరీ అంచుది ఒకటి తెచ్చాను.

"చలికి దుప్పటి ఇచ్చారనుకుంటారేమో అత్తయ్య గారూ," అన్నాడు అల్లుడు.

"అనుకోనీ బాబూ. చలి ఎలాగూ ఉందిగా."

వెళ్లే రోజు పొద్దున ఆయన కూతురు కారులో సామాను సర్దుతోంది. ఆయన నిలువెత్తు మనిషి, భుజాలు నాకు అందవు. గుమ్మం మెట్టెక్కి, వంగమని మనవరాలి చేత చెప్పించి, కప్పి దండం పెట్టాను. ఆయన అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. తీసేస్తారేమో అనుకున్నాను.

తర్వాత మెల్లగా ఏదో చెప్పసాగారు. మనవరాలు తనకొచ్చిన తెలుగులో అందించింది.

"అమ్మమ్మా, వాళ్ల కంట్రీలో తాత జాబ్ పేరు కపెల్‌మైస్టర్ అంట. మ్యూజిక్ వాళ్లందరికీ లీడర్. మైస్టర్ అంటే మాస్టర్. కపెల్ అంటే ఫస్ట్‌లో చిన్న శాలువా అంట."

ఎప్పుడో ఒక సిపాయి, చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైబట్ట సగం కోసి ఇచ్చాడట. మిగిలిన సగాన్ని జనం భక్తిగా దాచుకుంటే, దాచిన గదికి ఆ బట్ట పేరే వచ్చిందట. పోను పోను ప్రార్థన గదులన్నిటికీ అదే పేరు. అక్కడ పాడి వాయించే మేళానికీ అదే అంటుకుంది. ఆ మేళానికి పెద్ద ఈయన.

"నేమ్‌లో శాలువా ఉంది కానీ ఇప్పటిదాకా ఎవరూ కప్పలేదు అంటున్నారు," అంది పిల్ల.

"కప్పేవాళ్ల పక్కింటికి ఇన్నాళ్లకి వచ్చారని చెప్పవే."

ఆయన నవ్వారు. కూతురు ఆయన కోటు తెచ్చి, శాలువా మడిచి పెడతానని చెయ్యి చాచింది. ఇవ్వలేదు. దాని మీదే సీటు బెల్టు పెట్టుకుని వెళ్లిపోయారు. బదులేమీ పెట్టకుండా ఆయన మా దగ్గర తీసుకున్నది అదొక్కటే. తీసుకున్నందుకు ఇవాళ్టికీ మనసులో ఆయనకి దండం పెట్టుకుంటాను.